లూయిస్ ఊరి హార్వీస్ బిటర్: చల్లగా ఉండదు, గ్యాస్ ఉండదు, మరి పాడైందని ఎట్లా కనిపెట్టేది?

కొర్లగుంట:
అక్టోబర్ నెలాఖర్లో ఇంగ్లండ్‌లో ససెక్స్ వైపు, లూయిస్ ఊరికి పోవాల్సి ఉంది. అక్కడి హార్వీస్ బ్రూవరీ వాళ్ళ ససెక్స్ బెస్ట్ తాగకుండా రావద్దని ఇక్కడే చాలామంది రాసినారు. తిరుపతిలో దొరికేదంతా ఐసులో పెట్టిన లాగరే, ఏల్ సంగతి తెలీదు. రుచి ఎట్లుంటుంది? గోరువెచ్చగా, గ్యాస్ లేకుండా ఇస్తారంట. అట్లాంటప్పుడు మంచి గ్లాసుకీ చెడిపోయిన గ్లాసుకీ తేడా ఎట్లా పట్టేది? ఇంకోటి, చేప నుంచి తీసిందేదో కలుపుతారంట, నిజమేనా? వెంట వచ్చే బావ శాకాహారి. ఇంటికి రెండు సీసాలు తెచ్చుకోవచ్చా?

మాల్టు మేస్త్రి:
రుచి సంగతి నేను చెప్తా, గ్లాసు సంగతి సెల్లార్ అన్న చెప్తాడులే.

ససెక్స్ బెస్ట్ 4.0 శాతం ఆల్కహాల్ ఉండే బిటర్, అంటే చేదు తగిలే ఇంగ్లిష్ ఏల్. ఏల్ అంటే లాగర్ కంటే వెచ్చగా ఉంచి పులియబెట్టే బీరు. రాగి రంగు. మొదట నాలుకకు తగిలేది మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ: బిస్కెట్టు, కాస్త మాడిన పంచదార. లోపలి చక్కెర మాడేట్టు వేయించిన క్రిస్టల్ మాల్ట్ చేసే పని అది. ఆ వెనకే చేదు వస్తుంది, గొంతు దిగినాక కూడా కాసేపు నిలుస్తుంది. అమెరికన్ ఐపీఏ రకం ఏల్ మాదిరి నారింజ, మామిడి వాసనలు కొట్టవు. హాప్స్, అంటే చేదుకూ వాసనకూ వేసే పూలు, నాలుగు రకాలు వేస్తారు. ఫగుల్ మట్టి వాసన ఇస్తుంది, గోల్డింగ్స్ మెత్తని మసాలా ఘాటు, బ్రామ్లింగ్ క్రాస్ నల్లద్రాక్షను తలపించే పండు వాసన. ప్రోగ్రెస్ వాటిని కలిపి ఉంచుతుంది, దానంతట అది పెద్దగా బయటపడదు.

అయితే ఆ బీరును వేరే బ్రూవరీ బీర్ల నుంచి విడదీసేది ఈస్టే, బీరును పులియబెట్టే సూక్ష్మజీవి. 1957లో యార్క్‌షైర్ టాడ్‌కాస్టర్‌లోని జాన్ స్మిత్స్ బ్రూవరీ నుంచి తెచ్చుకున్నారు. ప్రతి బ్రూ (ఒక వాయి బీరు) నుంచి తీసి తర్వాతి బ్రూలో వేస్తూ ఇప్పటిదాకా నడుపుతున్నారు. పేకెట్లో వచ్చే శుద్ధమైన ఒకే రకం ఈస్ట్ కాదు గనక దాని వాసన వేరు: పండు, అడుగున కొంచెం మసాలా. కొందరికి మొదటి గుక్కలో ఇదే నచ్చదు. సగం గ్లాసయ్యాక ఇంకోటి చెప్పేది కూడా వాళ్ళే. నీళ్ళు బ్రూవరీ కింద సుద్దరాతి పొరల్లోంచి తోడిన బోరు నీళ్ళు.

బ్రూవరీ 1790 నాటిది. ఇప్పుడు కనిపించే గోపురం లాంటి కట్టడం 1881లో విలియం బ్రాడ్‌ఫర్డ్ గీసిచ్చింది. ధాన్యం పై అంతస్తుకు ఎక్కించి, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ తనంతట తానే దిగేట్టు కట్టినారు. పంపులు తక్కువ.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టేటప్పుడు 65–67 డిగ్రీల మధ్య ఉంచడం ఇట్లాంటి బిటర్‌కు మామూలు పద్ధతి. 63కు దిగితే చక్కెరంతా పులిసి బీరు పలచనవుతుంది. 69 దాటితే పులవని చక్కెరలు మిగిలి నోట్లో జిగటగా ఉంటుంది. 4 శాతం బీరుకు నిండుతనం రావాలంటే ఈ నాలుగైదు డిగ్రీల లెక్కే కీలకం, ఆల్కహాల్ కాదు.

సెల్లార్ తాళం:
ముందు ఒక మాట సరిచేయాలి సామీ. గోరువెచ్చగా ఇవ్వరు. 11–13 డిగ్రీలు. మన కుండనీళ్ళ కంటే చల్లన. 4 డిగ్రీల లాగర్‌కు అలవాటైన నోటికి అది వెచ్చగా అనిపిస్తుంది, అంతే. నిజంగా గోరువెచ్చగా ఉంటే ఆ పబ్ సెల్లార్‌లో, అంటే పీపాలు పెట్టే నేలమాళిగలో, ఏదో తేడా ఉన్నట్టు.

గ్యాస్ లేదన్నదీ సగమే నిజం. లాగర్‌లో బీరు పరిమాణానికి రెండున్నర రెట్లు కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. కాస్క్ ఏల్‌లో, అంటే పీపాలోనే పులిసి అక్కడి నుంచే పోసే ఇట్లాంటి ఏల్‌లో, ఒకటి, ఒకటింపావు రెట్లు ఉంటుంది. అది బయటి నుంచి ఎక్కించింది కాదు, పీపాలోనే ఈస్ట్ చేసింది. బ్రూవరీ వాళ్ళు పీపాను బ్రతికున్న ఈస్ట్‌తో, కొంచెం మిగిలిన చక్కెరతోనే పంపుతారు. తయారీ చివరి దశ పబ్ సెల్లార్‌లో జరుగుతుంది. అందుకే ఒకే రోజు పంపిన ఒకే బ్రూ ఒక పబ్‌లో అమృతంగానూ పక్క పబ్‌లో నీరసంగానూ ఉంటుంది.

సెల్లార్‌లో జరిగేది ఇది. పీపాను పడుకోబెట్టి కదలకుండా చెక్కలు బిగిస్తారు. పైనున్న బెజ్జంలో గాలి ఆడే మెత్తని చెక్కమేకు కొడతారు. ఎక్కువైన గ్యాస్ నురగగా పొంగి పోతుంది. పొంగు తగ్గినాక దాన్ని తీసి గాలి ఆడని గట్టి మేకు. ఆపైన మడ్డి దిగేదాకా ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. అమ్మేటప్పుడు మేకు వదులు చేస్తారు, లేకపోతే బార్ మీది చేతిపంపు లాగినా బీరు రాదు. రాత్రి మూసేటప్పుడు మళ్ళీ గట్టి మేకు. ఆ మేకు మర్చిపోతే తెల్లారేసరికి ఉన్న కాస్త గ్యాసూ పోయి బీరు చచ్చినట్టుంటుంది. మడ్డి దిగకముందే తీస్తే ఈస్ట్ చేదు, మబ్బు.

ఇప్పుడు లెక్క చూడు. మామూలు పీపా, ఫిర్కిన్ అంటారు, 9 గ్యాలన్లు. అంటే 72 పైంట్లు, సుమారు 41 లీటర్లు. బీరు తగ్గే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి దూరుతుంది. తెరిచిన మూడు రోజుల్లో అయిపోవాలి. అంటే రోజుకు 24 పైంట్లు అమ్ముడుపోవాలి. జనం లేని పబ్‌లో ఆరు పంపులు వరసగా కనిపిస్తే సంతోషపడొద్దు, భయపడు. రెండే పంపులున్న కిక్కిరిసిన పబ్ మేలు. మన తాటికల్లు కూడా ఇట్లాంటిదే కదా, పొద్దున దింపింది వేరు సాయంత్రం ముంత వేరు. ఇక్కడ గంటల బదులు రోజులు.

పొద్దున తలుపు తీసిన వెంటనే మొదటి గ్లాసు అడగొద్దు. రాత్రంతా పైపులో నిలవున్న బీరును మంచి పబ్‌లో పారబోసి మొదలుపెడతారు, అందరూ పారబోయరు.

కొర్లగుంట:
భలే వివరంగా చెప్పినారన్నా. నురగ సంగతి? ఫోటోల్లో కొన్నిట్లో మందంగా ఉంది, కొన్నిట్లో బొత్తిగా లేదు.

సెల్లార్ తాళం:
పంపు మూతికి బిగించే చిన్న జల్లెడ తేడా అది, స్పార్క్‌లర్ అంటారు. ఉత్తరాన, యార్క్‌షైర్ వైపు బిగిస్తారు. బీరు సన్న రంధ్రాల్లోంచి దూరి చిక్కటి నురగ కడుతుంది, చేదు కొంత మెత్తబడుతుంది. లూయిస్ ఉండేది దక్షిణాన, అక్కడ మామూలుగా పెట్టరు. నురగ పలచగా ఉంటే తప్పు కాదు. గ్లాసు అంచుకు చుట్టూ సన్నని తెల్ల గీత నిలిస్తే చాలు, అదీ లేకపోతే అడుగు.

గిరింపేట:
చెడిపోయింది గుర్తుపట్టడానికి కళ్ళ కంటే ముక్కును నమ్ముకో అబ్బోడా. వెనిగర్ వాసనొస్తే పీపా తెరిచి ఎక్కువ రోజులైంది, గాలికి పులిసింది. తడిసిన అట్టపెట్టె వాసనంటే ఆక్సిజన్ తగిలి పాతబడింది. పచ్చి ఆపిల్ వాసన, పులియడం పూర్తికాకముందే తీసినారు. వెన్న వాసన మాత్రం తగాదా విషయం. ఈస్ట్‌ను తొందరపడి చల్లబరిస్తే అది వదిలిన డయాసిటిల్‌ను మళ్ళీ తినదు, ఆ వాసన మిగిలిపోతుంది. ఇంగ్లిష్ ఏల్‌లో లీలగా ఉంటే ఒప్పుకుంటారు. పాప్‌కార్న్ హాల్లో కూర్చున్నట్టుంటే మాత్రం తప్పే.

మబ్బుగా ఉన్నంత మాత్రాన పారేయకు. గ్లాసును అరచేతుల్లో పట్టుకుని పది నిమిషాలు ఆగు. తేరుకుంటే అది చలికి వచ్చిన మబ్బు, సెల్లార్ మరీ చల్లగా ఉంది, బీరు మంచిదే. తేరుకోకపోతే పీపా కదిలిందో, అడుగు మడ్డి పంపులోకి వచ్చిందో. వాసన కూడా తేడాగా ఉంటే వెనక్కివ్వు. కాస్క్ ఏల్ అమ్మే చోట మార్చిమ్మని అడగడం మామూలే, గొడవ కాదు. అసలు అంతకంటే ముందే కొంచెం రుచి చూపించమంటే చిన్న గ్లాసులో పోస్తారు. కొనేటప్పుడు సగం పైంట్ అడుగు, 284 మిల్లీలీటర్లు.

చేప సంగతి నిజమే. చేప గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్‌లాస్ అది. పీపాలో వేస్తే ఈస్ట్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. 20 డిగ్రీలు దాటిన వేడికి దాని పని చెడుతుంది, వేసవిలో పీపా వ్యాన్‌లో ఉండిపోతే తేరుకోకపోవడానికి అదొక కారణం. దాదాపు అంతా మడ్డితోనే ఉండిపోతుంది, గ్లాసులోకి వచ్చేది లేశమే. కానీ పట్టింపున్న మనిషికి లేశమైనా లేశమే. సంప్రదాయ కాస్క్ ఏల్ అంటే ఐసింగ్‌లాస్ ఉందనే బావకు చెప్పండి. ఇప్పుడు కొన్ని బ్రూవరీలు అది లేకుండా మబ్బుగానే అమ్ముతున్నాయి. బార్‌లో ‘వీగన్’ అని అడిగితే ఏ పంపో చూపిస్తారు.

మాల్టు మేస్త్రి:
ఒకటి మరిచినా. అక్టోబర్ చివర అంటే వాళ్ళ ఓల్డ్ ఏల్ కూడా పంపు మీద ఉండే కాలం. నల్లగా, తియ్యగా, చేదు తక్కువగా ఉంటుంది. హాప్స్ చేదుకు అలవాటు పడని నోటికి బెస్ట్ కంటే ముందు ఇది నచ్చే అవకాశం ఎక్కువ. అయినా ముందు బెస్టే తాగు. తీపి తర్వాత చేదు తాగితే బెస్ట్ ఉత్త చేదుగానే తోస్తుంది.

ఎక్కడ తాగాలంటే లూయిస్ ఆర్మ్స్ పేరు చెప్తా. 2006 చివర ఆ పబ్ సొంతదారు కంపెనీ హార్వీస్ బెస్ట్‌ను పంపు మీది నుంచి తీసేసింది. రోజూ వచ్చేవాళ్ళు లోపలికి పోకుండా బయటే నిలబడ్డారు. 2007 ఏప్రిల్లో కంపెనీ దిగొచ్చి మళ్ళీ పెట్టింది. ఆ ఊరికి ఆ బీరు ఎంతో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి.

పలమనేరు:
సీసాల గురించి. ఇండియాలోకి మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, బీరు కూడా ఆ లెక్కలోకే. చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య నిలువుగా పెట్టండి. చేతి సంచిలో ద్రవాల మీద పరిమితి విమానాశ్రయాన్ని బట్టి మారుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. బెస్ట్ సీసా తేవడం దండగ, పీపా రుచి సీసాలో రాదు. తెస్తే ఇంపీరియల్ ఎక్స్‌ట్రా డబుల్ స్టౌట్ తెండి. 9 శాతం ఉంటుంది. ఎండుద్రాక్ష, తోలు, కాస్త పులుపు, గ్లాసుడు ముగ్గురికి చాలు. ఏళ్ళు నిలుస్తుంది, అయితే మన ఎండాకాలం గదిలో కాదు, ఫ్రిజ్‌లో. వెలుతురు తగలనీయొద్దు, హాప్స్ చేదు వెలుతురుకు విరిగి గబ్బు వాసన వస్తుంది.

విమానం దిగి నేరుగా కొండకు పోయే ఆలోచన ఉంటే పెట్టె కిందే వదిలి పోండి. అలిపిరి తనిఖీలో మద్యం పట్టుకుంటారు, సీల్ తీయలేదన్న మాట చెల్లదు.

గిరింపేట:
ప్రయాణం నవంబర్ మొదటి వారానికి జరిగితే 5వ తేదీ చూసుకో. ఆ రాత్రి లూయిస్‌లో బాన్‌ఫైర్ ఊరేగింపులు, కాగడాలు, పెద్ద మంటలతో. రోడ్లు మూస్తారు, ఈమధ్య ఏళ్ళల్లో ఆ సాయంత్రం రైళ్ళు కూడా అక్కడ ఆపడం లేదు. పబ్బులు చాలావరకు కిటికీలకు చెక్కలు కొట్టుకుంటాయి. బీరు రుచి చూడడానికి ఆ రోజు పనికిరాదు, రెండు రోజులు ముందే పోయిరా.