సెకండ్ హ్యాండ్ 40 హెచ్‌పీ బోటు మోటారు: కంప్రెషన్ బాగుంటే కొనేయొచ్చా?

గోస్తనీ గాలం (మే 9, రాత్రి 9:40)
అందరికీ నమస్తే. భీమిలి దగ్గర గోస్తనీలో పండుగప్పకి గాలం వేస్తుంటాను, ఇన్నాళ్ళూ గట్టు మీంచే. పోయినేడు 16 అడుగుల ఫైబర్ బోటు చేయించుకున్నా. అమెరికా వాళ్ళ బాస్ బోటు తరహా: అంచులు పొట్టి, అణియం (ముందు భాగం) మీద నిలబడి గాలం విసరడానికి బల్ల. నా దానికి అడుగు దాదాపు చదును. (వాళ్ళ బాస్ చేపా మన పండుగప్పా ఒకటి కాదని తెలుసు, ఆ గొడవ ఇక్కడొద్దు.) దీనికి 2012 నాటి 40 హెచ్‌పీ మోటారు దొరికింది. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసేది. కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో) చూడ్డానికి గేజి పెడితే పై సిలిండర్ 118, కిందది 104 పీఎస్ఐ. డ్రమ్ములో నీళ్ళు పోసి నడిపారు, రెండో లాగుకే అందుకుంది. వేట నిషేధం జూన్ 14 దాకా ఉంది కాబట్టి సముద్రంలో నడిపి చూపించడం కుదరదంటున్నాడు అమ్మే ఆయన. ఇంకో బేరం కూడా వచ్చిందట. కొనెయ్యనా?

పాత ఫిట్టర్ (రాత్రి 10:05)
వద్దు బాబూ. 118లోంచి 104 తీస్తే 14. 14ని 118తో భాగిస్తే దాదాపు 12 శాతం. రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే రింగులో, సిలిండర్ గోడో, హెడ్ గాస్కెట్టో ఏదో ఒకటి పోయినట్టే. అంకెలు అబద్ధమాడవు. చర్చ అనవసరం.

హార్బర్ స్పేనర్ (రాత్రి 10:31)
అంకెలు అబద్ధమాడవు మాస్టారూ, గేజి పట్టుకున్న చెయ్యి ఆడుతుంది. తమ్ముడూ, రెండు ప్లగ్గులూ ఒకేసారి తీశావా? త్రాటిల్ పూర్తిగా తెరిచావా? ఒక్కో సిలిండర్‌కి ఎన్నిసార్లు లాగావు?

గోస్తనీ గాలం (రాత్రి 10:44)
అన్నా, నిజం చెప్తా. పై దానికి ఆరుసార్లు లాగా. కింద దానికి నాలుగే, అప్పటికే భుజం పట్టేసింది. త్రాటిల్ ముట్టుకోలేదు. ప్లగ్గు ఒకటి తీసి, అది బిగించాక రెండోది తీశా.

రుషికొండ కెరటం (రాత్రి 10:50)
బోటు వెనక పలక ఎత్తెంత? మోటారు షార్ట్ షాఫ్టా, లాంగ్ షాఫ్టా?

హార్బర్ స్పేనర్ (రాత్రి 10:58)
చూశారా మాస్టారూ! ఒక ప్లగ్గు లోపలుంటే ఆ సిలిండర్ అడ్డుపడి తాడు బరువెక్కుతుంది, ఇంజిన్ నిదానంగా తిరుగుతుంది. పైగా నాలుగు లాగులకే ఆపేశాడు. ముల్లు ఇంక ఎక్కను అనేదాకా లాగాలి, రెండింటికీ సమానంగా. ఇది కంప్రెషన్ టెస్ట్ కాదు, భుజం టెస్ట్.

పాత ఫిట్టర్ (మే 10, ఉదయం 6:12)
త్రాటిల్ మూసి ఉంటే రెండూ ఒకేలా తగ్గుతాయి, తేడా శాతం మారదు. నాలుగో లాగుకే ముల్లు దాదాపు ఆగిపోతుంది. 12 శాతం అంటే 12 శాతమే.

పెదజాలరిపేట కుర్రోడు (ఉదయం 7:30)
104తో భాగిస్తే పదమూడున్నర వస్తాది కదేటి పెద్దాయనా. ఏ దాంతో భాగించాలి?

పాత ఫిట్టర్ (ఉదయం 7:41)
ఎక్కువ ఉన్న దాంతో.

మేఘాద్రి మావయ్య (ఉదయం 8:15)
పొద్దున్నే లెక్కల క్లాసు. నేను టీ తాగొస్తా.

హార్బర్ స్పేనర్ (మధ్యాహ్నం 1:20)
భోజనానికి కూర్చున్నా కాబట్టి వివరంగా రాస్తున్నా. రెండు సిలిండర్లూ చెరో 118 వచ్చినా సరే, ఆ ఒక్క అంకె చూసి నేను మోటారు కొనను. టూ స్ట్రోక్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగులు సిలిండర్లలో కాదు, క్రాంక్ కేసులో ఉంటాయి. ఉప్పునీళ్ళు పోయి అవి తుప్పు పట్టినా సిలిండర్‌కి పెట్టిన గేజికి తెలియదు. క్రాంక్ సీలు కారినా తెలియదు. 2012 మోటారు అంటే 2014 అక్టోబరులో హుద్‌హుద్ నాడు ఎక్కడుందో ముందు అడుగు. ఆ తుపానుకి నీళ్ళలో మునిగిన మోటార్లు తర్వాత ఎన్ని పెయింట్లు వేసుకుని మార్కెట్లోకి వచ్చాయో నా కళ్ళతో చూశా.

పొద్దున్నే, స్టార్ట్ చెయ్యకముందు వెళ్ళు. పంకా దగ్గరుండే గేర్ కేసు కింది స్క్రూ కొంచెం వదులు చేసి వేలు పెట్టు. రాత్రంతా నిలబడ్డ మోటారులో నీళ్ళుంటే ముందు నీళ్ళే కారతాయి. నడిపి ఆపిన వెంటనే తీస్తే కలిసిపోయి పాలు ఎక్కువైన టీలా ఉంటుంది. రెండూ ప్రమాదమే. స్క్రూ కొనకి అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్నది వేళ్ళ మధ్య రుద్దు. మెత్తటి బూడిదలా ఉంటే ఫర్వాలేదు, గోటికి తగిలే ముక్కలుంటే దండం పెట్టి వచ్చెయ్. తర్వాత పంకా ఊడదీసి షాఫ్ట్ చుట్టూ చూడు. నైలాన్ గాలం తాడు అక్కడ చుట్టుకుంటే సీలుని కోసేస్తుంది, నీళ్ళు లోపలికి వెళ్ళేది అక్కణ్ణించే. జింకు ముక్క మీద పెయింట్ వేసి ఉంటే ఆ యజమానికి మోటారు గురించి ఏమీ తెలియదని అర్థం. పెయింట్ వేసిన జింకు పని చెయ్యదు, దాని బదులు గేర్ కేసు అల్యూమినియం కరుగుతుంది. ఇంక డ్రమ్ములో నడపడం అంటావా, అది బరువు లేని పరుగు. ఊపిరి ఉందని తెలుస్తుంది, బలం ఉందని తెలియదు.

రుషికొండ కెరటం (మధ్యాహ్నం 1:34)
పలక ఎత్తు ఎవరూ అడగరా?

పాత ఫిట్టర్ (సాయంత్రం 5:50)
ఇంత పొడుగు రాసి చివరికి ఏం చెప్పారు? "మెకానిక్‌ని పిలువు" అని. ఇదే వ్యాపారం. నా అనుభవం కూడా వినండి. మా తమ్ముడి మోటారుకి చల్లబరిచే నీళ్ళ ధార రావడం మానేసి వేడెక్కింది. హార్బర్ వైపు ఒక మెకానిక్ (పేరు చెప్పను) "పవర్ హెడ్ (అసలు ఇంజిన్) పోయింది" అని 38 వేలు తీసుకున్నాడు. పాత సామాన్లు నేను అడిగి తెచ్చుకుని విప్పి చూస్తే పంపు రబ్బరు పంకాని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న కీ విరిగింది, అంతే. గోరంత ముక్క. ఆ రోజు ఎవరైనా గేజి పెట్టి ఉంటే సిలిండర్లు బాగున్నాయని అక్కడే తేలిపోయేది. అందుకే నాకు మాటలు వద్దు, అంకె కావాలి.

హార్బర్ స్పేనర్ (సాయంత్రం 6:03)
ఒకడు మోసం చేస్తే హార్బరంతా దొంగలేనా? ఇరవై రెండేళ్ళుగా ఈ చేతులకి గ్రీజు వదల్లేదు. మీరు షెడ్డులో, ఫ్యాను కింద, మాన్యువల్ పక్కన పెట్టుకుని కొలిచారు. నేను ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని చూస్తాను. మీ గేజి ఎప్పుడైనా సముద్రంలో ఆగిపోయిందా?

పాత ఫిట్టర్ (సాయంత్రం 6:10)
షెడ్డు అని తేలిగ్గా అనకండి. మేం చూసిన ఇంజిన్ ఆగితే ఒక బోటు కాదు, వంద మంది మునుగుతారు.

మేఘాద్రి మావయ్య (సాయంత్రం 6:18)
పిచ్ ఎంత, ప్రొపెల్లర్ ఎంత అని అడుగుదామని వచ్చా. ఇక్కడ అందరికీ పిచ్చే.

నిర్వాహకుడు (సాయంత్రం 6:25)
వృత్తులని దెప్పుకోవద్దు. మోటారు గురించి మాట్లాడండి.

పెదజాలరిపేట కుర్రోడు (రాత్రి 8:02)
గాలం అన్నా, ఒకటి అడగతాను. గోస్తనీలోనే తిరుగుతావా, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకెళ్తావా?

గోస్తనీ గాలం (రాత్రి 8:20)
నదిలో తిరగడానికి 40 హెచ్‌పీ ఎందుకు తమ్ముడూ. మొగ దాటి ఓ ఐదారు కిలోమీటర్లు వెళ్దామనే.

పెదజాలరిపేట కుర్రోడు (రాత్రి 8:47)
అదీ సంగతి. రెండు రోజుల్నించి సిలిండర్ గురించి కొట్టుకుంతన్నారు గాని ఈ మాట ఎవరూ అడగలేదు. కార్తీకంలో ఓ రాత్రి నాను, మా నాన్న తెప్ప మీదున్నాం. మోటారు ధార సన్నబడింది, మేం చూసుకోలేదు. లోపల ఉప్పు గట్టిపడి దారి మూసుకుపోయింది. బిగుసుకుపోయి ఆగిపోయింది. తెల్లారేసరికి అప్పికొండ ఎదురుగా ఉన్నాం. ఇంకో తెప్ప తాడేసి లాక్కొచ్చింది. మాది తెప్ప, కెరటం ఎక్కినా మునగదు. నీది చదును అడుగు, పొట్టి అంచు. మొగలో మోటారు ఆగితే ఏటి చేస్తావు? తెడ్డు ఉందా?

పాత ఫిట్టర్ (రాత్రి 9:05)
నేనూ అదే అంటున్నాను. అందుకే మోటారు సరైనదై ఉండాలి. ఆగని మోటారు ఉంటే ఏ బోటైనా ఇంటికి వస్తుంది.

హార్బర్ స్పేనర్ (రాత్రి 9:16)
ఇక్కడే మీకూ నాకూ తేడా మాస్టారూ, ఇప్పుడు తెలిసింది. ఆగని మోటారు అని ఒకటి ఉందని మీరు నమ్ముతారు. నేను నమ్మను. కొత్తదైనా, పాతదైనా, 118 ఉన్నా, ఒక రోజు ఆగుతుంది. పెట్రోల్లో నీళ్ళు పడొచ్చు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, అది తేమ పీల్చుకుంటుంది, ట్యాంకులో నెలలు నిలవుంటే నీళ్ళు విడిపోయి అడుక్కి చేరతాయి. నీళ్ళు వేరుచేసే ఫిల్టర్ లేకపోతే అవి తిన్నగా కార్బురేటర్లోకే. దీనికి ఏ గేజీ లేదు. కాబట్టి మోటారు ఆగినా ఒడ్డుకి రాగలిగే బోటైతేనే మొగ దాటాలి.

రుషికొండ కెరటం (రాత్రి 9:20)
మూడోసారి అడుగుతున్నా. పలక ఎత్తు?

గోస్తనీ గాలం (మే 11, మధ్యాహ్నం 12:10)
సారీ కెరటం అన్నా, ఇవాళ టేపు పెట్టి కొలిచా. వెనక పలక మధ్యలో 15 అంగుళాలు. మోటారు లాంగ్ షాఫ్టు, 20 అంగుళాలు.

రుషికొండ కెరటం (మధ్యాహ్నం 12:26)
అనుకున్నా. మోటారు బిగిస్తే పంకా పైనుండే అడ్డ రేకు బోటు అడుగుకి 5 అంగుళాలు కిందకి దిగుతుంది. అది అడుగుతో సమానంగా, లేదా ఒక్క అంగుళం పైన ఉండాలి. అంత కిందుంటే నీళ్ళని తోసుకుంటూ పోవడమే, స్పీడు రాదు, స్టీరింగ్ బరువెక్కుతుంది, గోస్తనీ ఇసక దిబ్బలకి గేర్ కేసు తగులుతుంది. ఇంకా ముఖ్యం, నీ బోటు వెనక పలక ఎత్తు 15 మాత్రమే. మొగలో తిరిగి వస్తూ త్రాటిల్ తగ్గిస్తే వెనక కెరటం ఆ పలక మీంచే లోపలికి వస్తుంది. మీ కంప్రెషన్ 200 ఉన్నా వస్తుంది.

హార్బర్ స్పేనర్ (మధ్యాహ్నం 12:40)
జాక్ ప్లేటు పెడితే మోటారు పైకి లేస్తుంది, పలక లేవదు. ఫైబర్ పనివాడితో పలకనే 20కి పెంచితే రెండూ తీరతాయి. పెంచేముందు సుత్తి పిడితో పలకంతా తట్టించు. మొద్దు చప్పుడు వచ్చిన చోట లోపలి ప్లైవుడ్ కుళ్ళినట్టే, అలాంటిదాని మీద 40 హెచ్‌పీ బరువు పెట్టకూడదు. మాస్టారు చెప్పింది నిజమే, కంప్రెషన్ కూడా మళ్ళీ చూడు. రెండు ప్లగ్గులూ తీసి, ఇంజిన్ అందుకోకుండా కిల్ స్విచ్ క్లిప్పు పీకి, త్రాటిల్ తెరిచి.

గోస్తనీ గాలం (మే 12, సాయంత్రం 7:15)
మా బావమరిదిని తీసుకెళ్ళా, భుజం వాడిది. ఈసారి 120, 114. పొద్దున్నే గేర్ స్క్రూ వదులు చేస్తే ముందు ఓ చెంచాడు నీళ్ళు కారాయి, తర్వాతే నూనె. చూపిస్తే అమ్మే ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. సీలు మార్పించి, జూన్ 15 తర్వాత నీళ్ళలో బరువుతో నడిపి చూపిస్తేనే డబ్బు అన్నా. ఆయన "చూద్దాం" అన్నాడు. పోతే పోనీ. ఈలోగా పలక పని మొదలుపెడుతున్నా. మొగ మాట మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

పెదజాలరిపేట కుర్రోడు (రాత్రి 8:10)
తేల్చుకునే ముందు ఓపాలి మొగకి రా అన్నా. పోటు దిగినప్పుడు కెరటం ఎక్కడ విరగతాదో గట్టు మీంచి చూపిస్తాను. తెడ్లు కూడా కొనుక్కో, రెండు.

పాత ఫిట్టర్ (రాత్రి 8:31)
120, 114 అంటే 5 శాతం. ఇప్పుడు ఒప్పుకుంటాను. మొన్నటిది మాత్రం 12 శాతమే.