అమెరికా బడి పిల్లలు పోగుచేసే డబ్బును నల్గొండ జిల్లా బడికి ఎలా పంపాలి?

ప్రశ్న (న్యూజెర్సీలో ఉంటున్న ఒక తల్లి):
మా అమ్మాయి ఇక్కడ ఏడో తరగతి చదువుతోంది. వేసవిలో నల్గొండ జిల్లాలోని మా అత్తగారి ఊరికి వెళ్లినప్పుడు, అక్కడి ప్రభుత్వ పాఠశాలలో నీటి శుద్ధి యంత్రం పాడై మూలన పడి ఉండడం చూసింది. ఫ్లోరైడ్ నీళ్లు ఆ జిల్లాలో ఎందరి ఎముకలను వంచేశాయో వాళ్ల తాతయ్య చెప్పగా విని, తిరిగి వచ్చాక తన తరగతి పిల్లలతో కలిసి కేకులు అమ్మి, కార్లు కడిగి, కొత్త యంత్రానికి డబ్బు పోగుచేయాలని నిశ్చయించుకుంది. టీచరు కూడా ఒప్పుకున్నారు. ఆ డబ్బును ప్రధానోపాధ్యాయుల ఖాతాకు నేరుగా పంపవచ్చా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (హైదరాబాద్‌లో చార్టర్డ్ అకౌంటెంట్):
అలా పంపకండి, అమ్మా. అమెరికా పౌరులైన పిల్లలు, వారి తల్లిదండ్రులు ఇచ్చే సొమ్ము 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది కనుక, కేంద్ర హోం శాఖ వద్ద నమోదైన సంస్థ గానీ, ముందస్తు అనుమతి పొందిన సంస్థ గానీ మాత్రమే దానిని స్వీకరించాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే చేరాలి. పైగా, స్వీకరించిన సంస్థ దానిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అందువల్ల మీ ఊళ్లో పనిని స్వయంగా చేయగల సంస్థనే వెతుక్కోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అయితే ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) ఉన్నవారిని చట్టం విదేశీయులుగానే చూస్తుంది. ఇతరుల నుంచి పోగుచేసిన సొమ్మును మీ సొంత డబ్బుగా చూపి పంపడం తప్పు. పిల్లల పనిలో అలాంటి మచ్చ ఉండకూడదని నా మనవి.

జవాబు 2 (కెనడాలో ఉపాధ్యాయురాలు):
మా ఒంటారియోలో రయాన్ హ్రెల్‌జాక్ అనే అబ్బాయి 1998లో, ఒకటో తరగతిలో ఉండగా, డెబ్బై డాలర్లతో ఆఫ్రికాలో బావి తవ్వించవచ్చని విని ఇంటి పనులు చేసి ఆ మొత్తం కూడబెట్టాడు. తీరా ఆ డబ్బు చేతిపంపుకు మాత్రమే సరిపోతుందని, బావికి సుమారు రెండు వేల డాలర్లు అవుతుందని తెలిసింది. అయినా మానకుండా పోగుచేయగా, 1999లో ఉత్తర ఉగాండాలోని అంగోలో ప్రాథమిక పాఠశాల వద్ద బావి పడింది. మీ పిల్లలు కూడా యంత్రం ధరతో లెక్క ఆపకుండా, ఫిల్టర్లు ఎన్నాళ్లకు మార్చాలి, మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) పాడైతే ఎవరు కొంటారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్నవి ముందే అడగాలి. పాత యంత్రం మూలన పడింది ఎందుకో తెలియకుండా కొత్తది కొంటే అదీ దాని పక్కకే చేరుతుంది. మిషన్ భగీరథ (తెలంగాణ ప్రభుత్వ తాగునీటి పథకం) నీళ్లు బడి కుళాయికి అందుతున్నాయా అన్నది అన్నిటికన్నా ముందు తెలుసుకోండి.

జవాబు 3 (ఓస్లో నుంచి):
నార్వేలో 1964 నుంచి విద్యార్థులు ఏడాదికి ఒక రోజు బడి మాని ఎక్కడైనా పనిచేసి, ఆ కూలిని ఇతర దేశాల్లోని యువత చదువుకు ఇస్తున్నారు. ఏ పథకానికి ఇవ్వాలో విద్యార్థి ప్రతినిధులే ఓటు వేసి నిర్ణయిస్తారు. పనిరోజుకు ముందు ఆ దేశం గురించి తరగతుల్లో చదువుకుంటారు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ చదువుకోవడమే. మీ అమ్మాయి తరగతి కూడా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు దెబ్బతినే జబ్బు) ఎలా వస్తుందో నేర్చుకోవాలి, ఆ బడి పిల్లలతో ఉత్తరాలు నడపాలి. వంకర కాళ్ల పిల్లల ఫొటోలు మాత్రం పోస్టర్ల మీద వేయవద్దు. ఆ పిల్లలకూ పరువు ఉంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాను. భగీరథ నీళ్లు బడి గేటు దాకా వస్తున్నాయట, కానీ నిల్వ ట్యాంకు పగిలిపోవడంతో పిల్లలు బోరు నీళ్లే తాగుతున్నారట. కాబట్టి యంత్రం మాట పక్కన పెట్టి, ట్యాంకుకు, పైపులకు ఎంతవుతుందో అంచనా పంపమని అడిగాను. ఆ మండలంలో ఇలాంటి పని స్వయంగా చేస్తున్న నమోదిత సంస్థలు ఏవైనా ఉంటే తెలియజేయండి.