తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి, ఆట కార్డులు ఎలా చేయాలి?

అడిగినవారు (పలాస): పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. పిల్లల సెలవులకి బోర్డు ఆట ఒకటి చేస్తున్నాను. ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా ప్రయాణం, దారిలో ఊరికో కార్డు. ఏఐ బొమ్మ బ్రహ్మాండంగా గీస్తోంది, ఊరి పేరు మాత్రం పాడుచేస్తోంది. శ్రీకూర్మం అని రాయమంటే ర కింద మవత్తు ఎగిరిపోయి, పక్కన సున్నాలాంటిదేదో వస్తోంది. ఎంత చెప్పినా అంతే. దానికి తోడు ముందు మొదలుపెట్టినవాళ్లే గెలిచేస్తున్నారు. ఎవరైనా దారి చూపించండి.

రాజాం: ఏ టూల్? పేరు బొమ్మలోనే రాయిస్తున్నారా? ఎంతమంది ఆడతారు? పాచికలా, గవ్వలా?

అడిగినవారు: చాట్‌జీపీటీ. పేరు బొమ్మలోనే, ఇంకెక్కడ రాయిస్తాం? నలుగురు, నాలుగు గవ్వలు. ఒక కార్డు ఫోటో పెట్టాను చూడండి.

మాస్టారు (నరసన్నపేట): అక్షరాల సంగతి తర్వాత బాబూ, ముందు ఆ కార్డులో ఏముందో చదవండి. శ్రీకాకుళం వంశధార ఒడ్డున ఉందని రాసింది. శ్రీకాకుళం పట్టణం ఉన్నది నాగావళి ఒడ్డున. వంశధార ఒడ్డున ఉన్నది శ్రీముఖలింగం. ఆ నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొబ్బిలికి కార్డు పెడితే యుద్ధం తేదీ 1757 జనవరి 24 అని వేయండి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు, ఇవన్నీ మన పిల్లలకి ఆటలోనే తెలియాలి. ఆటలో ఒంటబట్టిన తప్పు తర్వాత ఎంత దిద్దినా పోదు. ఏఐ ధీమాగా చెప్పిందని ఊరుకోకండి, ప్రతి వాక్యాన్నీ పుస్తకంతో సరిచూసుకోండి.

విజయనగరం (డిజైన్ పని): మాస్టారు చెప్పింది నిజమే, ఇప్పుడు అడిగినదానికి వస్తాను. ఆ టూల్ అక్షరాన్ని కూడా బొమ్మలాగే గీస్తుంది. మన గుణింతాలూ వత్తులూ అక్కడే చెడిపోతాయి. 'అక్షరాలు వద్దు, కింద మూడో వంతు ఖాళీగా వదులు' అని బొమ్మ ఒక్కటే అడగండి. తర్వాత ఇంక్‌స్కేప్, కాన్వా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరు మీరే టైపు చేయండి. ఇంక్‌స్కేప్ ఉచితం. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ ఫాంట్లూ ఉచితమే. పాత ఫోటోషాప్ అయితే భారతీయ లిపుల సెట్టింగ్ మార్చకపోతే మళ్లీ వత్తులు విడిపోవచ్చు. కార్డు 63 మి.మీ. వెడల్పు, 88 మి.మీ. పొడవు పెట్టుకుంటే ఏ4 కాగితం మీద తొమ్మిది పడతాయి. ప్రింట్ ఇచ్చేటప్పుడు '100 శాతం సైజు' అని గట్టిగా చెప్పండి, లేదంటే కాగితానికి సరిపడా కుదించేసి ఇస్తారు.

రాజాం: ఇంతకీ బొమ్మలు ఇప్పుడే ఎందుకు? చిత్తుకాగితాల మీద పెన్సిల్‌తో పేర్లు రాసి ఆడించండి. ఆట కుదిరాక బొమ్మలు.

అడిగినవారు: ఉత్త కాగితాలైతే పిల్లలు కూర్చోరండీ.

రాజాం: కూర్చుంటారు. నాలుగో ఎనిమిదో పడితే ఇంకో పందెం ఇస్తున్నారా?

అడిగినవారు: అవును, అష్టాచెమ్మాలో ఉన్నట్టే.

రాజాం: అయితే మొదట ఆడేవాడు ఒక్క వంతులోనే చాలా ముందుకు పోగలడు. ఆట బాగుందా అని ఏఐని అడగొద్దు, బాగుందనే అంటుంది. మీ నియమాలన్నీ ఇచ్చి, పదివేల ఆటలు ఆడి ఎన్నో ఆటగాడు ఎన్నిసార్లు గెలిచాడో లెక్కవేసే పైథాన్ ప్రోగ్రాం రాయమనండి. మొదటివాడి గెలుపులు పాతిక శాతం దాటి బాగా పెరిగితే, ఆ అదనపు పందెం తీసేసి మళ్లీ నడపండి.

బొబ్బిలి: ఆ ప్రోగ్రాంలో గవ్వని నాణెంలా లెక్కేస్తే మోసపోతారు. నాణెం లెక్కన పదహారు పందేల్లో రెండు ఆరుసార్లు, ఒకటీ మూడూ నాలుగేసిసార్లు, నాలుగూ ఎనిమిదీ ఒక్కోసారి పడాలి. గవ్వ ఒక వైపు ఉబ్బెత్తు, ఇంకో వైపు చదును. రెండు వైపులా సమానంగా పడదు. మీ గవ్వల్నే ఓ వందసార్లు వేసి, ఎన్ని వెల్లకిలా పడ్డాయో రాసుకుని ఆ లెక్క ఇవ్వండి. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది.

మాస్టారు: వెల్లకిలా అంటే నోరు పైకా, వీపు పైకా? ముందు అది తేల్చండి.

బొబ్బిలి: నోరు పైకి.

మాస్టారు: మా ఇంట్లో వీపు పైకి ఉన్నవే లెక్కపెట్టేవాళ్లం.

విజయనగరం: ఏదైనా ఒకటే మాస్టారూ, నియమాల కాగితం మీద బొమ్మ వేసి చూపిస్తే గొడవ ఉండదు.

బొబ్బిలి: ఒకటే ఎలా అవుతుంది? గవ్వ సమానంగా పడదని ఇప్పుడే చెప్పాను కదా. వైపు మారితే లెక్కే మారిపోతుంది.

అడిగినవారు: పేరు విడిగా టైపు చేస్తే శుభ్రంగా వచ్చింది, థాంక్సండీ. శ్రీకాకుళం కార్డు దిద్దాను. గవ్వల సంగతి ఆదివారం చూస్తాను.

బొబ్బిలి: అట్ట ఏది వాడుతున్నారు?