స్టాన్లీ చిత్రిక మీద మూడు తేదీలు: ఇది ఏ కాలానిది?

ప్రశ్న: పాతపెట్టె

మా తాతగారి పనిముట్లలో ఉన్న ఇనుప చిత్రిక ఎప్పటిదో తెలుసుకోవాలని ఉంది. పొడవు 14 అంగుళాలు. ముందు భాగాన 5 అన్న నంబరు పోతలోనే ఉంది. బ్లేడు విప్పితే, అది ఆనే ఫ్రాగ్ వెనక మూడు తేదీలు బయటపడ్డాయి: మార్చి 25-02, ఆగస్టు 19-02, ఏప్రిల్ 19-10. ముందు చేత్తో పట్టుకునే చెక్క గుండు బాగా పొట్టిది. బ్లేడును నొక్కిపట్టే లీవర్ క్యాప్ మీద స్టాన్లీ (అమెరికా పనిముట్ల కంపెనీ) అని ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. బ్లేడు మీద గుండె ఆకారపు ముద్ర ఉంది. తెలిసినవారిలో ఒకరు 1910 నాటిదన్నారు, మరొకరు 1920 దాటాకే వచ్చిందన్నారు. అమ్మను. దీనితో పని చేయాలని కోరిక.

జవాబు: ఉలిపదును

ఆ మూడూ పేటెంటు తేదీలండీ, తయారీ తేదీలు కావు. చివరిది 1910 ఏప్రిల్‌ది కాబట్టి ఈ పోత అంతకు ముందుది కాదని మాత్రం ఖాయం. మూడు తేదీలూ కలిసి ఉన్న పోతలు రెండు విడతల్లో వచ్చాయి: సుమారు 1910 నుంచి 1918 దాకా ఒకటి, 1919 నుంచి 1924 దాకా మరొకటి. రెండో విడతలో ముందు గుండు ఎత్తుగా మారింది, లోతు సరిచేసే ఇత్తడి చక్రం కూడా పెద్దదయింది. మీ గుండు పొట్టిదన్నారు గనుక నా మొగ్గు మొదటి విడతకే. అయినా చక్రం అడ్డుకొలత చూడండి: 1 అంగుళమైతే పాతది, 1¼ అయితే తరువాతది. ఫ్రాగ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే చిన్న మర దాని వెనక ఉందా? అది 1907 ప్రాంతంలో మొదలైంది. మీ చిత్రికకు ఉండాలి.

ఇక మిమ్మల్ని తికమక పెట్టినవి క్యాప్, బ్లేడు. క్యాప్ మీద స్టాన్లీ పేరు పోయడం 1925 ప్రాంతంలో మొదలైంది. గుండె ముద్ర స్టాన్లీ వర్క్స్ అధ్యక్షుడు విలియం హార్ట్ గౌరవార్థం వేసింది, అదీ 1920ల గుర్తే. అంటే ఈ రెండూ తరువాత చేరాయి. బ్లేడు సానపట్టేకొద్దీ అరిగిపోతుంది, క్యాప్ ఒక్క మర మీద నిలబడుతుంది. రోజూ పని చేసిన చిత్రికకు ఇవి మారకపోతేనే ఆశ్చర్యపోవాలి. కాలం అడిగితే నేను పోతనే నమ్ముతాను. క్యాప్‌లోని రంధ్రం ఎలా ఉందో కూడా చెప్పండి. మూత్రపిండం ఆకారంలో ఉంటే 1933 తరువాతది.

జవాబు: సన్నపొట్టు

లెక్క సరైనదే. ఒక్కటి చేరుస్తాను. ఈ విడతలు కంపెనీ పెట్టుకున్నవి కావు, సేకరణకర్తలు వందల చిత్రికలను పోల్చి తరువాత కట్టిన వర్గీకరణ. కర్మాగారంలో మిగిలిన పాత భాగాలు అయిపోయేదాకా వాడేవారు కాబట్టి 1918, 1919 మధ్య గోడ ఏమీ లేదు. ఏ ఒక్క గుర్తునూ ఒంటరిగా నమ్మకండి.

పాతపెట్టె

కొలిచాను. చక్రం సరిగ్గా 1 అంగుళం. ఫ్రాగ్ వెనక మర ఉంది, కదులుతోంది కూడా. క్యాప్ రంధ్రం తాళపుచెవి దూరే కన్నంలా ఉంది. ఆ కాలపు బ్లేడు, అక్షరాలు లేని క్యాప్ వెతికి బిగిస్తే మంచిదా?

ఉలిపదును

అయితే ఒళ్లు 1910, 1918 మధ్యది, క్యాప్ 1925 తరువాత, 1933కు ముందు వచ్చింది. మార్చకండి, గట్టిగా చెబుతున్నాను. ఆ బ్లేడును ఎంచుకున్నదీ, అరగదీసిందీ దానితో బతికినవారు. ఆ కాలపు భాగాలు తెచ్చి బిగిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ చరిత్ర పోతుంది. తుప్పు వదిలించేటప్పుడు తేదీల మీద గరుకు కాగితం పెట్టకండి, మిగిలిన నల్ల పూతనూ గీకకండి.

పని చేస్తానన్నారు కాబట్టి అసలు చూడాల్సింది బ్లేడు మీది చిప్‌బ్రేకర్, అంటే లేచిన పొట్టును వంచి విరిచేందుకు బ్లేడుకు బిగించే ఇనుప రేకు. రెంటినీ బిగించి వెలుగుకు ఎదురుగా పట్టండి. అంచు దగ్గర వెలుతురు కనిపిస్తే పొట్టు అందులో ఇరుక్కుని చిత్రిక మొరాయిస్తుంది. అప్పుడు చిప్‌బ్రేకర్ కింది అంచును చదునైన సానరాయి మీద, వెనక వైపు కొద్దిగా కిందికి వంచి పట్టి రుద్దండి. సందు పోయాక మెత్తని చెక్క మీద పట్టి చూసి, పొట్టు ఎలా వచ్చిందో రాయండి.