1987 భారత్–శ్రీలంక ఒప్పందం: లోపం రాతలో ఉందా, అమలులో ఉందా?

తీరరేఖ (ప్రశ్న)

1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో సంతకాలు పెట్టిన ఒప్పందం గురించి తెలుగులో ఏది తిరగేసినా రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు: తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ ఒప్పుకోలేదు, మనం పంపిన శాంతి దళం ఐపీకేఎఫ్ దెబ్బతింది. యుద్ధం సంగతి అందరికీ తెలిసిందే. నాకు కావలసింది రెండో సగం. రెండు మిత్ర ప్రభుత్వాలు కూర్చుని, అందులో ఒకరి దేశ పాలన ఎలా మారాలో రాసుకున్నాయి. దాని నుంచి పుట్టిన 13వ సవరణ ఇప్పటికీ ఆ దేశ రాజ్యాంగంలోనే ఉంది. అయినా అది తెచ్చిన ప్రొవిన్షియల్ కౌన్సిళ్ల (రాష్ట్రాల పాలక మండళ్ల) చేతిలో చెప్పుకోదగ్గ అధికారం కనిపించదు.

తెలిసినవాళ్లు చెప్పండి: ఒప్పందం రాసిన తీరులోనే తేడా ఉందా? భూమి, పోలీసు అధికారాలు సరిగ్గా ఎక్కడ ఇరుక్కున్నాయి? భారత్ పూచీ పడినా, ఉత్తర, తూర్పు రాష్ట్రాలను ఒకే రాష్ట్రంగా కలిపిన విలీనం ఎలా చెదిరిపోయింది?

పాతగెజిట్

రాతలోనే ఉంది. ఒప్పందం చిన్నదే, ఒక్క కూర్చోవడంలో చదివేయొచ్చు. కానీ అసలు పాఠాన్ని, దానికి జోడించిన అనుబంధాన్ని, అదే రోజు ఇద్దరు నేతలు ఇచ్చిపుచ్చుకున్న లేఖలను విడివిడిగా చదవాలి. మూడింటి స్వరం ఒకటి కాదు.

ముందు లేఖలు తీయండి. ట్రింకోమలీని గానీ మరే రేవును గానీ భారత ప్రయోజనాలకు హాని కలిగేలా ఏ దేశ సైన్యానికీ ఇవ్వకూడదు. అక్కడి చమురు ట్యాంకుల పునరుద్ధరణ భారత్–శ్రీలంక ఉమ్మడిగా చేపట్టాలి. విదేశీ సైనిక, నిఘా సిబ్బంది విషయం తేల్చుకోవాలి. విదేశీ ప్రసార కేంద్రాలతో ఒప్పందాలు సమీక్షించాలి (అప్పట్లో దీని గురి వాయిస్ ఆఫ్ అమెరికా మీద). వీటిలో ఎక్కువ భాగం జయవర్ధనే ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు, మాట నిలబెట్టుకున్నట్టే. పార్లమెంటు అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు, ఎన్నిక అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పాఠంలో తమిళులకు ఇస్తామన్నవి చూడండి. ప్రతిదానికీ ఎవరో ఒకరు ఏళ్ల తరబడి పని చేయాలి: చట్టం, ఎన్నికలు, రెఫరెండం, నిధులు. పైగా 2.3 పేరాలో ఒక పుల్ల ఉంది. తూర్పు రాష్ట్రం ఉత్తరంతో కలిసి ఉండాలా వద్దా అని 1988 డిసెంబర్ 31 లోపు రెఫరెండం పెట్టాలి, సాధారణ మెజారిటీ చాలు, పర్యవేక్షణ కమిటీకి ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షుడు. ఇంత వివరంగా రాసి, అధ్యక్షుడు తన విచక్షణ మేరకు దాన్ని వాయిదా వేయొచ్చని అక్కడే చేర్చారు. ఎన్నిసార్లు, ఎంతకాలం అన్న హద్దు లేదు. ఆ రెఫరెండం ఏనాడూ జరగలేదు.

2.14లో ఈ పరిష్కారాలకు భారత ప్రభుత్వం పూచీ పడుతుందని ఉంది. పూచీ అన్న మాట బరువైనదే. కానీ కొలంబో గడువు దాటిస్తే భారత్ ఏం చేయాలి, ఎవరి దగ్గరికి పోవాలి అన్నది ఎక్కడా లేదు. తమిళ సాయుధ సంస్థలు ఒప్పుకోకపోతే భారత్ చేయాల్సినవి మాత్రం 2.16లో వరుసగా ఉన్నాయి: భారత గడ్డను వాళ్లు వాడుకోకుండా చూడటం, నౌకాదళంతో తీరం కాపలా, శ్రీలంక అడిగితే సైనిక సాయం. ఒక పక్షం తప్పితే చర్య ఉంది, రెండో పక్షం తప్పితే లేదు. మన పని లేఖల్లో నగదుగా తీసుకుని, వాళ్ల పనికి తారీఖు లేని చెక్కు ఇప్పించాం. కటువుగా ఉన్నా నా లెక్క అదే.

నడిసముద్రం

పాతగెజిట్ గారూ, రాత మీద మరీ భారం వేస్తున్నారు. అంతకుముందు నాలుగేళ్ల బేరం చూడకుండా 1987 పాఠాన్ని తూకం వేయలేం. 1983 జులైలో తమిళుల మీద జరిగిన అల్లర్ల మధ్యలోనే విదేశాంగ మంత్రిగా ఉన్న పీవీ నరసింహారావును ఇందిర కొలంబో పంపింది. తర్వాత జి. పార్థసారథి తిరిగి తిరిగి ‘అనెక్షర్ సి’ అనే రాజీ ప్రతిపాదన తయారు చేయించారు. ప్రాంతీయ మండళ్ల ఆలోచన అందులోదే. 1984 అఖిలపక్షంలో అది నీరుగారింది. 1985 జులై–ఆగస్టులో థింపూ చర్చలు. తమిళుల తరఫున ఆరు సంస్థలు నాలుగు సూత్రాలు పెట్టాయి: జాతిగా గుర్తింపు, మాతృభూమి, స్వయంనిర్ణయం, ద్వీపంలోని తమిళులందరికీ పౌరసత్వంతో పాటు ప్రాథమిక హక్కులు. జయవర్ధనే తమ్ముడు హెక్టర్ నాయకత్వంలో వచ్చిన ప్రభుత్వ బృందం మొదటి మూడింటినీ తోసిపుచ్చింది. 1986 డిసెంబర్ 19 ప్రతిపాదనల దాకా ఇదే సాగింది.

అంటే 1987లో కొత్తగా దొరికింది జయవర్ధనే సంతకమే. అదీ జూన్ 4న జాఫ్నా మీద మన ఏఎన్-32 విమానాలు, మిరాజ్‌లు తోడుగా వెళ్లి, ఆహారం జారవిడిచాక. అలా దొరికిన సంతకానికి మెలిక లేని భాష దొరకదు. విచక్షణ అన్న మాట తీసేయమని పట్టుబట్టి ఉంటే సంతకమే ఉండేది కాదని నా అంచనా. 1981 జనగణన ప్రకారం తూర్పులో తమిళులు సుమారు 42 శాతం, ముస్లింలు 32, సింహళీయులు 25. రెఫరెండంలో విలీనం ఓడిపోతుందన్న భయం తమిళ నేతలకే ఉండేది. కాబట్టి వాయిదా అధికారం వాళ్లకూ పనికొచ్చింది. ఈ సంగతి చాలామంది దాటేస్తారు.

నా దృష్టిలో కొంప ముంచింది గంటల లెక్క. సంతకమైన 48 గంటల్లో కాల్పుల విరమణ, అది అమల్లోకి వచ్చిన 72 గంటల్లో ఆయుధాల అప్పగింత, శ్రీలంక సైన్యం 1987 మే 25 నాటి శిబిరాలకు వెనక్కి. అంటే మొత్తం అయిదు రోజులు. ఆయుధాలు ఇవ్వాల్సినవాళ్ల సంతకం ఆ కాగితం మీద లేనే లేదు. ఎన్ని తుపాకులున్నాయో ముందే తయారైన జాబితా లేదు, లెక్క చూసే మూడో పక్షం లేదు. ఆగస్టు 4న సుదుమలై సభలో ఎల్టీటీఈ నేత ప్రభాకరన్ మాట్లాడింది వింటే, ఆయుధాలు దించుతున్నది ఇష్టంతో కాదని ఎవరికైనా అర్థమవుతుంది. కొన్ని ఇచ్చారు, మిగతావి దాచారు. అక్టోబర్ మొదట్లో పట్టుబడ్డ 17 మంది ఎల్టీటీఈ వాళ్లు సైనైడ్ మింగడం, అందులో 12 మంది చనిపోవడం, అక్టోబర్ 10న ఐపీకేఎఫ్ దాడి మొదలవడం, అంతా సంతకమైన నాటి నుంచి 75 రోజుల లోపే.

ఆ 72 గంటలు తర్వాత కోర్టులోనూ తిరగబడ్డాయి. మూడో ప్రశ్నకు జవాబు ఇదే. 1987 నాటి ప్రొవిన్షియల్ కౌన్సిళ్ల చట్టం (42వ నంబరు) 37వ సెక్షన్లో, ఆయుధాల అప్పగింత, కాల్పుల విరమణ జరిగాయని అధ్యక్షుడు సంతృప్తి చెందితేనే విలీన ప్రకటన చేయాలన్న షరతు ఉంది. 1988 సెప్టెంబర్ నాటికి అది జరిగిందని చెప్పే వీల్లేదు, నడుస్తున్నది యుద్ధం. జయవర్ధనే ఎమర్జెన్సీ నిబంధన ఒకటి తెచ్చి, అప్పగింత కోసం చర్యలు మొదలైనా చాలు అని షరతునే మార్చి విలీనం ప్రకటించారు. 18 ఏళ్లు అలా నడిచింది. సింహళ వామపక్ష పార్టీ జేవీపీ వాళ్ల పిటిషన్ల మీద 2006 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీ నిబంధనతో చట్టంలోని షరతును మార్చడం చెల్లదని, విలీనం మొదటి నుంచీ చెల్లదని తీర్పిచ్చింది. 2007 జనవరి 1 నుంచి రెండూ వేరు. పూచీ పడ్డ భారత్ చేయగలిగింది ఏముంది? కొట్టేసింది కొలంబో ప్రభుత్వం కాదు, ఆ దేశపు కోర్టు. పరాయి దేశపు సంస్కరణను ఆ దేశ ఎమర్జెన్సీ నిబంధన మీద నిలబెడితే గోడ లేని పైకప్పే.

మూడోజాబితా

భూమి, పోలీసు గురించి నేను చెబుతాను. 13వ సవరణ 1987 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. అంతకుముందే సుప్రీంకోర్టు తొమ్మిదిమంది ధర్మాసనం 5–4తో గట్టెక్కించింది. ఆ ఒక్క ఓటు తేడా ఊరికే రాలేదు. శ్రీలంక ఏకీకృత రాజ్యం అని రాజ్యాంగం 2వ అధికరణం చెబుతుంది. దానికి తగిలే మార్పుకు మూడింట రెండు వంతుల మెజారిటీతో పాటు రెఫరెండం కూడా కావాలి. రెఫరెండం తప్పించుకోవాలంటే బిల్లు ఏకీకృత చట్రం దాటకూడదు. అందుకే మన రాష్ట్రాల జాబితాలు చూసి అదే పోలిక పెట్టుకుంటే పొరపాటు. అక్కడా తొమ్మిదో షెడ్యూల్లో ప్రొవిన్షియల్, రిజర్వ్‌డ్ (కేంద్రానిది), ఉమ్మడి అని మూడు జాబితాలున్నాయి. కానీ రిజర్వ్‌డ్ జాబితాలో మొదటి అంశమే అన్ని విషయాల మీదా జాతీయ విధానం. ప్రొవిన్షియల్ జాబితాలోని ఏ అంశంలోనైనా విధానం పేరుతో కొలంబో చెయ్యి పెట్టొచ్చు.

భూమి: ఆ షెడ్యూల్ అనుబంధం 2 ప్రకారం ప్రభుత్వ భూమి రిపబ్లిక్‌దే. దాన్ని పంచేటప్పుడు కౌన్సిల్ సలహా మీద అధ్యక్షుడు చేయాలి. జాతీయ భూ కమిషన్ వేయాలి, అందులో అన్ని కౌన్సిళ్ల ప్రతినిధులూ ఉండాలి. ఆ కమిషన్ ఇప్పటిదాకా పుట్టలేదు. 2013 సెప్టెంబర్ 21న ఉత్తరాన మొదటి కౌన్సిల్ ఎన్నిక జరిగి తమిళ జాతీయ కూటమి 38లో 30 స్థానాలు గెలిచింది. సరిగ్గా అయిదు రోజులకు సుప్రీంకోర్టు, కేంద్రం అప్పగించిన భూమి మీదే కౌన్సిల్‌కు అధికారం ఉంటుందని తేల్చింది.

పోలీసు: అనుబంధం 1లో ప్రతి రాష్ట్రానికి వేరే పోలీసు విభాగం, దానికి డీఐజీ, ముఖ్యమంత్రి సమ్మతితో నియామకం. కాగితం మీద బాగానే ఉంది. ఏ ప్రభుత్వమూ అమల్లో పెట్టలేదు, సవరణ చేసి తీసేయనూ లేదు. తీసేస్తే ఢిల్లీ నుంచి ఫోను వస్తుంది, అమలు చేస్తే సొంత ఊళ్లో ఊరేగింపు వస్తుంది. అలా వదిలేస్తే ఏదీ రాదు.

జనం పట్టించుకోనిది, నా ఉద్దేశంలో ఇంకా పెద్దది, కింది స్థాయి ఉద్యోగి. 1992 నాటి 58వ నంబరు చట్టంతో డివిజనల్ సెక్రటరీలను కేంద్రం కిందికి తెచ్చారు. మన లెక్కలో ఎమ్మార్వో రాష్ట్రానికి జవాబు చెప్పక్కర్లేదు అన్నట్టు. ఇక పైన గవర్నర్. ఆయన్ని అధ్యక్షుడు వేస్తాడు. కార్యనిర్వాహక అధికారం ఆయనదే, ఆర్థిక శాసనం ఆయన సిఫారసు లేకుండా కదలదు, రాష్ట్ర ఉద్యోగుల మీదా ఆయనకే పట్టు. ఉత్తర రాష్ట్రానికి 2009 నుంచి 2015 దాకా రిటైర్డ్ మేజర్ జనరల్ గవర్నర్. ముఖ్యమంత్రి విఘ్నేశ్వరన్ మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యుండీ ఆయనతో ఏం వేగలేకపోయారు.

కౌన్సిళ్లు ఇప్పుడు ఉన్నాయా అంటే, లేవు. 2017లో ఎన్నికల విధానాన్ని మార్చారు. కొత్త విధానానికి నియోజకవర్గాల హద్దులు కావాలి. ఆ నివేదికను 2018 ఆగస్టులో పార్లమెంటు 139–0తో తిరస్కరించింది, తెచ్చిన ప్రభుత్వం కూడా వ్యతిరేకంగానే ఓటేసింది. పాత విధానం పోయింది, కొత్తది పూర్తి కాలేదు. ఒక్కో కౌన్సిల్ గడువూ తీరి, 2019 నాటికి అన్నీ గవర్నర్ల చేతికి వెళ్లాయి.

తీరరేఖ

చాలా ఉపయోగం. 72 గంటల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా: ఇలాంటి ఇతర ఒప్పందాల్లో ఎంత సమయం పెట్టారు? ఇంకోటి, ఇప్పటి భారత్–శ్రీలంక సంయుక్త ప్రకటనల్లో ఏం వెతకాలి?

నడిసముద్రం

పోలికకు ఉత్తర ఐర్లాండ్ తీసుకోండి. బ్రిటన్, ఐర్లాండ్ ప్రభుత్వాలు 1998 ఏప్రిల్ 10న శాంతి ఒప్పందం మీద సంతకం చేశాయి, పార్టీలు గదిలోనే ఉన్నాయి. మే 22న ఒకే రోజు రెండు చోట్లా రెఫరెండం: ఉత్తరాన 71 శాతం, రిపబ్లిక్‌లో 94 శాతం ఒప్పుకున్నారు. ఆయుధాలకు రెండేళ్ల గడువు, లెక్క చూడటానికి కెనడా జనరల్ డి షాస్టలాన్ నాయకత్వంలో స్వతంత్ర కమిషన్. అయినా రెండేళ్లు సరిపోలేదు, అక్కడి సాయుధ సంస్థ ఐఆర్ఏ ఆయుధాల పని 2005 సెప్టెంబర్‌కు ముగిసింది. మధ్యలో 2002 నుంచి 2007 దాకా అసెంబ్లీయే ఆగిపోయింది. ఏడేళ్లు పట్టిన పనికి ఇక్కడ అయిదు రోజులు ఇచ్చారు.

పాతగెజిట్

అది ఒప్పుకుంటాను, రాతలో గంటలు కూడా ఉన్నాయి మరి.

ప్రకటనల సంగతి: 13వ సవరణ అన్న పేరు ఉందా లేదా అన్నది మొదట చూడండి. 2023 జులైలో అప్పటి శ్రీలంక అధ్యక్షుడు విక్రమసింఘే ఢిల్లీ వచ్చినప్పుడు మోదీ 13వ సవరణ అమలు, ప్రొవిన్షియల్ కౌన్సిల్ ఎన్నికలు అని పేర్లు పెట్టి చెప్పారు. 2024 డిసెంబర్‌లో ఆయన తర్వాతి అధ్యక్షుడు దిసానాయకే వచ్చినప్పుడు శ్రీలంక రాజ్యాంగాన్ని పూర్తిగా అమలు చేయడం, కౌన్సిల్ ఎన్నికలు అన్నారు. రాజ్యాంగం అంటే అందులో 13 కూడా ఉంటుంది, కాబట్టి భారత్ వెనక్కి తగ్గలేదని చెప్పుకోవచ్చు. దిసానాయకే పార్టీ జేవీపీ. 1987–89లో ఈ ఒప్పందం మీదే ఆయుధాలు పట్టింది, 2006లో విలీనాన్ని కోర్టుకు లాగిందీ వాళ్లే. ఆ పక్కన నిలబడి 13 అంకె పలకకపోవడం మర్యాద.

రెండోది, ఎవరి గొంతులో ఉందో చూడండి. సంయుక్త ప్రకటనలో ఉంటే ఇద్దరి మాట. మోదీ పత్రికా ప్రసంగంలోనే ఉండి, పక్కాయన ప్రసంగంలో లేకపోతే అది మన కోరిక. మూడోది, తారీఖు. ఎన్నికలు అన్న మాట పక్కన నెల, సంవత్సరం ఉన్నాయా? ట్రింకోమలీ ట్యాంకుల విషయంలో 2022 జనవరిలో 99 ట్యాంకులకు 14, 61, 24 అని ఏది ఎవరికో లెక్క రాసుకున్నారు. కౌన్సిల్ ఎన్నికల గురించి అలాంటి అంకె ఉన్న పేరా కనిపిస్తే ఇక్కడ పెట్టండి.