హారర్ దర్శకుడి మీద థీసిస్: రామ్ గోపాల్ వర్మని ఆత్యూర్ అనొచ్చా?

వాల్తేరు_విద్యార్థిని:
ఫిల్మ్ స్టడీస్‌లో పీజీ చేస్తున్నాను. డిసర్టేషన్‌కి వర్మ హారర్ సినిమాలు తీసుకుందామనుకుంటున్నా: ‘రాత్రి’ (1992), ‘దెయ్యం’ (1996), ‘కౌన్’ (1999), ‘భూత్’ (2003). సినిమాకి అసలు కర్త దర్శకుడే అనేది ఆత్యూర్ సిద్ధాంతం కదా. కథ ఎవరు రాసినా, కెమెరా ఎవరు పట్టినా వీటన్నిటి మీదా ఒకే మనిషి ముద్ర ఉందని నా వాదన. మా గైడ్ మాత్రం “దెయ్యాల సినిమాలకి ఆత్యూర్ ఏంటమ్మా, వేరే టాపిక్ చూసుకో” అన్నారు. వైజాగ్‌లో సినిమా సీరియస్‌గా చూసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

గాజువాక_గళం:
తీసుకోమ్మా. ‘రాత్రి’ చూశాక మా ఇంట్లో పిల్లిని పెంచనివ్వలేదు మా అమ్మ.

సౌండ్_బూత్:
అమ్మాయ్, ముందు టైటిల్స్ చదువు. ‘రాత్రి’కి కెమెరా తేజ, నేపథ్య సంగీతం మణిశర్మ. ‘కౌన్’ రాసింది అనురాగ్ కశ్యప్, సంగీతం సందీప్ చౌతా. ‘భూత్’ నేపథ్య సంగీతం సలీం–సులేమాన్. హారర్‌లో భయం సగానికి సగం చెవి నుంచే వస్తుంది. వాల్యూమ్ తీసేసి చూడు, ‘భూత్’లో ఎన్ని సీన్లు నిలబడతాయో. ‘సైకో’ షవర్ సీన్‌కి సంగీతం వద్దన్నది దర్శకుడు హిచ్‌కాకే. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తనంతట తాను రాసి వినిపిస్తే అప్పుడు ఒప్పుకున్నాడు. ఈ రోజు ఆ సీన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ వయొలిన్లు. మరి అది ఎవరి ముద్ర?

ద్వారకానగర్_రీడర్:
సిద్ధాంతం సంగతి కొంచెం చూద్దాం. ఫ్రెంచ్ విమర్శకుడు ట్రుఫో 1954లో వ్యాసం రాసింది ఫ్రెంచ్ సినిమాలో స్క్రిప్టు రచయితల పెత్తనం మీద. దాన్ని అమెరికాకి తెచ్చి 1962లో మూడు వలయాలుగా గీసింది అక్కడి విమర్శకుడు ఆండ్రూ సారిస్: సాంకేతిక పట్టు, గుర్తుపట్టగలిగే శైలి, ఆపైన లోపలి అర్థం. మరుసటి ఏడాదే ఇంకో విమర్శకురాలు పాలిన్ కేల్ దాన్ని చీల్చి చెండాడింది. దూరం నుంచి గుర్తుపట్టగలిగినంత మాత్రాన ఏదీ గొప్పదైపోదు అంది. మీరు రెండో వలయం దగ్గరే ఆగిపోయారు. ఇంకో ప్రశ్న. వర్మే తీసిన ‘ఫూంక్’ (2008), ‘అజ్ఞాత్’ (2009), ‘భూత్ రిటర్న్స్’ (2012) ఏవి? బాగున్నవి ఏరుకుని ముద్ర ఉందంటే ఎలా?

వాల్తేరు_విద్యార్థిని:
రీడర్ గారూ, లోపలి అర్థం ఉందనే నా నమ్మకం. అంతకుముందు హిందీలో దెయ్యాల సినిమాలు తీసిన రామ్సే సోదరుల సినిమాల్లో భయం పాత హవేలీలో ఉండేది. మనం అక్కడికి వెళ్తేనే అది మనల్ని పట్టుకుంటుంది. ‘రాత్రి’లో అది మామూలు మధ్యతరగతి కుటుంబం కొత్తగా దిగిన ఇల్లు. కారు కింద పడి చచ్చిన పిల్లిని పాతిపెడతారు, తర్వాత అది ఎదురుగా కూర్చుని ఉంటుంది. ‘భూత్’కి వచ్చేసరికి ముంబై అపార్ట్‌మెంట్, లిఫ్టు, వాచ్‌మన్. ‘కౌన్’లో ఇంటి తలుపు, కాలింగ్ బెల్, బయట వాన. భయం మన హాల్లోకి, వంటింట్లోకి వచ్చేసింది. ‘కౌన్’లో, ‘భూత్’లో పాటలు కూడా లేవు. ప్రేక్షకుడు ఊపిరి తీసుకునే ఆ సందు కూడా మూసేశాడు. ఇది రచయితలు, కెమెరామెన్ మారినా మారని విషయం. తర్వాతి సినిమాలకి ఒక అధ్యాయం పెడతాను, దాటవేయను.

భీమిలి_కెరటం:
మరి ‘డర్నా మనా హై’?

ద్వారకానగర్_రీడర్:
అది ప్రవాళ్ రామన్ దర్శకత్వం. వర్మ నిర్మాత. లెక్కలోకి రాదు.

భీమిలి_కెరటం:
పోస్టర్ మీద కనబడింది వర్మ పేరే కదండీ. జనం వెళ్ళింది ఆ పేరు చూసే.

వాల్తేరు_విద్యార్థిని:
‘డర్నా మనా హై’ లెక్కలోకి వస్తుందనే అంటాను. వేరేవాళ్ళు తీసినా ఆయన సినిమాలాగే ఉంది. ‘క్యాట్ పీపుల్’ (1942) దర్శకుడు జాక్ టర్నర్, అయినా విమర్శకులు దాన్ని నిర్మాత వాల్ ల్యూటన్ సినిమాగానే చదువుతారు.

సౌండ్_బూత్:
అంటే దర్శకుడు తీస్తే దర్శకుడిది, నిర్మాత తీయిస్తే నిర్మాతది! ఎటు తిప్పినా పేరున్నవాడిదే. పాపం ఆ ప్రవాళ్ రామన్ ఏం చేశాడు మధ్యలో?

ద్వారకానగర్_రీడర్:
ల్యూటన్ స్క్రిప్టుల మీద స్వయంగా కూర్చునేవాడు, ఆ పోలిక ఇక్కడ నప్పదు. ‘డర్నా మనా హై’ తీసేయండి.

వాల్తేరు_విద్యార్థిని:
తీయను సార్.

సౌండ్_బూత్:
ఒకటి చెప్తా, విను. నేను ఒక దెయ్యం సినిమాకి ఎఫెక్ట్స్ చేశాను, పేరెందుకులే. శవాన్ని ఈడ్చే చప్పుడు కావాలంటే తడిపిన గోనెసంచిలో ఇసక పోసి సిమెంటు గచ్చు మీద రాత్రంతా ఈడ్చాం. కిర్రుమనే తలుపు అసలు తలుపే కాదు. పాత తోలు చెప్పుని మైకు దగ్గర పెట్టుకుని నెమ్మదిగా మెలిపెడితే వచ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. ఫంక్షన్‌లో స్టేజి మీద “సౌండ్‌ని ఇలా వాడటం మీకే చెల్లింది సార్” అని దర్శకుడికి శాలువా కప్పారు. టైటిల్స్‌లో నా పేరు లేదు. నువ్వు రాయబోయేది ఆ శాలువానే.

వాల్తేరు_విద్యార్థిని:
అంకుల్, మీకు జరిగింది అన్యాయమే. కానీ దానికి నా థీసిస్‌ని ఎందుకు తిడుతున్నారు? మొదటి నుంచీ మీరు మాట్లాడుతోంది వర్మ గురించి కాదు, మీ టైటిల్ కార్డు గురించి!

సౌండ్_బూత్:
అవును, దాని గురించే. ఇంకెవడు మాట్లాడతాడు?

గాజువాక_గళం:
ఇద్దరూ కొంచెం తగ్గండి.

వాల్తేరు_విద్యార్థిని:
తగ్గను. నా బాధ కూడా చెప్పనివ్వండి. రాయలసీమ కరువు మీద డాక్యుమెంటరీ అంటే కమిటీలో అందరూ కళ్ళజోడు సర్దుకుని వింటారు. దెయ్యం సినిమా అంటే నవ్వుతారు. ఇంట్లో అయితే “దీనికా ఫీజు కట్టింది” అంటారు. విమర్శకుడు రాబిన్ వుడ్ అంతటివాడే 1965లో హిచ్‌కాక్ మీద పుస్తకాన్ని, అసలు హిచ్‌కాక్‌ని సీరియస్‌గా ఎందుకు తీసుకోవాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక పెద్ద పేరు పట్టుకుంటే తప్ప హారర్‌కి యూనివర్సిటీలో తలుపు తియ్యరు. గోనెసంచి చప్పుడు మీద చేస్తానంటే నా సినాప్సిస్ మొదటి పేజీ కూడా తిప్పరు. ఆత్యూర్ అన్నది నాకు సిద్ధాంతం కన్నా ముందు గేట్ పాస్.

సౌండ్_బూత్:
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. హారర్‌ని లోపలికి తీసుకెళ్ళాలని నీకుంది, నాకూ ఉంది. నీ గేట్ పాస్ మీద ఒక్కడి ఫొటోనే ఉంది. మిగతావాళ్ళం బయటే నిలబడాలి.

ద్వారకానగర్_రీడర్:
సినిమా సిద్ధాంతకారుడు పీటర్ వోలెన్ 1972లో ఒక దారి చూపించాడు. ఆత్యూర్ పేరు అంటే ఆ మనిషి కాదు, సినిమాల్లో కనబడే ఒక నిర్మాణం అన్నాడు. ‘వర్మ’ని కొటేషన్లలో పెట్టండి, ఇద్దరి సమస్యా తీరుతుంది.

సౌండ్_బూత్:
కొటేషన్లలో పెట్టినా పేరు ఆయనదే కదండీ.

వాల్తేరు_విద్యార్థిని:
సౌండ్ మీద పూర్తి అధ్యాయం రాస్తాను. ఎఫెక్ట్స్ చేసినవాళ్ళు దొరికితే ఇంటర్వ్యూలు చేస్తాను, మీరు ఒప్పుకుంటే మీతో మొదలుపెడతాను. శీర్షికలో మాత్రం వర్మ పేరు ఉంటుంది. అది మార్చలేను.

సౌండ్_బూత్:
ఇంటర్వ్యూ ఇస్తాను, ఆ చెప్పు ఇంకా నా దగ్గరే ఉంది, తెచ్చి చూపిస్తాను. శీర్షిక మాత్రం నేను ఒప్పుకోను.

భీమిలి_కెరటం:
ఇంతకీ ‘డర్నా మనా హై’ ఉందా, తీసేశారా?