మొదటి సెమిస్టర్ సీ భాషలో ఇన్‌పుట్‌కి స్కాన్ఎఫ్ చెప్పాలా, ఎఫ్‌గెట్స్ చెప్పాలా?

లైన్_బఫర్:
పీపీఎస్ (ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లం సాల్వింగ్) ల్యాబుల్లో ఇన్‌పుట్ అంటే, అడిగిన రూపంలో విలువలు చదివే స్కాన్ఎఫ్ ఒక్కటే అన్నట్టు నడుస్తోంది. మనిషి కీబోర్డు మీద టైప్ చేసే ప్రోగ్రాములకు మొదటి నుంచీ ఎఫ్‌గెట్స్‌తో లైన్ మొత్తం చదివి, అందులోంచి ఎస్‌స్కాన్ఎఫ్‌తో అంకె తీయడం అలవాటు చేయాలంటాను.

వయసును %డి (పూర్ణాంకం) తో, వెంటనే గ్రేడును %సి (ఒక్క అక్షరం) తో అడిగే ప్రోగ్రాం తీసుకోండి. 21 కొట్టి ఎంటర్ నొక్కితే %డి ఆ 21ని మాత్రమే తీసుకుంటుంది, ఎంటర్ బఫర్‌లోనే (టైప్ చేసింది చదివేదాకా ఆగి ఉండే చోటు) ఉండిపోతుంది. తర్వాతి %సి దానికి ఆ ఎంటరే దొరుకుతుంది. ప్రోగ్రాం గ్రేడ్ అడగకుండానే దాటేసిందని పిల్లలు అనుకుంటారు. అప్పుడెవరో బఫర్ ఖాళీ అవుతుందంటూ ఎఫ్‌ఫ్లష్‌లో ఎస్‌టీడీఇన్ (కీబోర్డు ఇన్‌పుట్) పెట్టమంటారు. సీ భాష స్టాండర్డ్ ప్రకారం ఎఫ్‌ఫ్లష్ అవుట్‌పుట్ స్ట్రీములకు ఉద్దేశించినది. ఇన్‌పుట్ స్ట్రీం మీద వాడితే ఏం జరుగుతుందో స్టాండర్డ్ చెప్పదు. పాత విండోస్ కంపైలర్లలో పనిచేసినట్టు కనిపించేది, లైనక్స్ టెర్మినల్‌లో ఆ ఎంటర్ అలాగే ఉండిపోతుంది.

ల్యాబ్_మేడమ్:
మీరు చెప్పిన జబ్బుకి మందు ఒక్క ఖాళీ అండీ. %సి ముందు కోట్స్ లోపల ఒక స్పేస్ పెడితే మిగిలిపోయిన ఎంటర్లు, ట్యాబులు అన్నీ దాటేస్తుంది.

ఇక ఎఫ్‌గెట్స్ ఖర్చు లెక్కేయండి. రెండు అంకెలు కూడడానికి మొదటి వారంలోనే క్యారెక్టర్ అర్రే, దాని సైజు, ఎస్‌టీడీఇన్ అంటే ఏమిటో చెప్పాలి. ఆపైన ఎస్‌స్కాన్ఎఫ్‌లో మళ్లీ అదే అడ్రస్ గుర్తు &, అదే %డి. వేరియబుల్ అంటేనే ఇంకా కుదురుకోని పిల్లలకు అది బరువు. స్కాన్ఎఫ్ చెప్పిన రోజే దాని రిటర్న్ వాల్యూ కూడా చెప్తే చాలు: ఎన్ని విలువలు నింపగలిగిందో ఆ సంఖ్య ఇస్తుంది. ఒక అంకె అడిగితే 1 వచ్చిందో లేదో ఇఫ్‌లో చూడాలి.

లైన్_బఫర్:
1 రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పాలి కదా మేడమ్. చిక్కంతా అక్కడే. లూప్‌లో అంకె అడుగుతున్నప్పుడు ఎవరైనా అక్షరాలు కొడితే స్కాన్ఎఫ్ 0 ఇస్తుంది, ఆ అక్షరాలను మాత్రం బఫర్‌లోంచి తీయదు. మళ్లీ అడిగితే మళ్లీ అవే అక్షరాలు, మళ్లీ 0. స్క్రీన్ నిండా "అంకె ఇవ్వండి" అని పరుగులు పెడుతుంది. దాన్ని ఆపాలంటే ఎంటర్ వచ్చేదాకా ఒక్కో అక్షరం చదివే గెట్‌చార్‌తో ఖాళీ చేయాలి, ఈవోఎఫ్ (ఇన్‌పుట్ అయిపోయిందనే గుర్తు) కూడా చూడాలి. లేకపోతే కంట్రోల్ డి నొక్కినప్పుడు ఆ లూపే ఆగదు. పైగా గెట్‌చార్ ఫలితాన్ని చార్‌లో కాదు, ఇంట్‌లో పెట్టుకోవాలి. ఇంత చెప్పేకన్నా లైన్ చదవడం సులువు: చెడ్డ లైన్ ఎలాగూ చదివేశాం, వదిలేసి తర్వాతిది అడుగుతాం.

జడ్జి_సబ్మిట్:
లైన్ పద్ధతిని అన్నిచోట్లా రుద్దకండి. ప్రోగ్రాములను తనే పరీక్షించే వెబ్‌సైటు, అంటే ఆన్‌లైన్ జడ్జిలో లక్ష అంకెలు ఒకే లైన్లో ఇస్తారు. 100 బైట్ల అర్రేతో ఎఫ్‌గెట్స్ వాడితే అది 99 అక్షరాల దగ్గర ఆగుతుంది. కోత 4587 మధ్యలో పడితే ఒకసారి 45, ఇంకోసారి 87 వస్తాయి. ఎర్రర్ ఏదీ రాదు, జవాబు మాత్రం తప్పు. ఇన్‌పుట్ రూపం ముందే ఖాయమైనచోట స్కాన్ఎఫ్‌కు మించింది లేదు.

ల్యాబ్_మేడమ్:
ఒప్పుకుంటాను, స్ట్రింగ్స్ (అక్షరాల వరసలు) దగ్గరికి వచ్చేసరికి మాత్రం లైన్_బఫర్ గారి మాటే సరి. స్ట్రింగ్ చదివే %ఎస్ ఖాళీ దగ్గర ఆగిపోతుంది, "సీతా రామయ్య" అంటే సీతా ఒక్కటే వస్తుంది. వెడల్పు ఇవ్వకపోతే 20 చోట్ల అర్రేలో 40 అక్షరాలు కుక్కుతుంది. %19ఎస్ అని రాయాలి, చివరి చోటు స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా క్యారెక్టర్‌ది. పేర్లకు ఎఫ్‌గెట్సే మేలు. కాకపోతే అది ఎంటర్‌నీ అర్రేలో ఉంచుతుంది, స్ట్రింగ్ హెడర్‌లోని ఎస్‌టీఆర్‌సీస్పాన్‌తో దాని స్థానం కనుక్కుని అక్కడ సున్నా పెట్టాలి.

అర్రే సైజు చూడకుండా లైన్ చదివే గెట్స్ మాత్రం నోట్సుల్లోంచి పూర్తిగా పోవాలి. 1988లో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి తనంతట పాకిన మోరిస్ వర్మ్, యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్‌లోకి దూరింది ఆ గెట్స్ ద్వారానే: 512 బైట్ల బఫర్‌కి 536 బైట్లు పంపింది. సీ11 స్టాండర్డ్ దాన్ని తీసేసింది కూడా.

ఎర్నో_చూడు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. "12ఏబీ" ఇస్తే ఎస్‌స్కాన్ఎఫ్ కూడా 12 తీసుకుని 1 ఇస్తుంది, అంతా బాగుందనుకుంటారు. ఇంట్‌లో పట్టనంత పెద్ద అంకె ఇస్తే స్కాన్ఎఫ్, ఎస్‌స్కాన్ఎఫ్ రెండింటిలోనూ ప్రవర్తనకు హామీ లేదు. పాయింటర్లు అయ్యాక, స్ట్రింగ్‌ను లాంగ్ అంకెగా మార్చే ఎస్‌టీఆర్‌టోల్ చెప్పాల్సిందే. ముందు ఎర్నోను (ఎర్రర్ నంబర్ ఉండే వేరియబుల్) 0 చేయాలి, పిలిచాక ఎండ్ పాయింటర్ కదిలిందో లేదో, ఎక్కడ ఆగిందో, ఎర్నో ఈరేంజ్ (విలువ హద్దు దాటింది) అయిందో చూడాలి. 64 బిట్ల లైనక్స్‌లో లాంగ్ కూడా 64 బిట్లే, విండోస్‌లో 32. అందుకే ఇంట్‌లో పెట్టేముందు లిమిట్స్ హెడర్‌లో ఇంట్ హద్దులుగా ఉన్న ఇంట్_మ్యాక్స్, ఇంట్_మిన్‌లతో పోల్చాలి.

ఫస్ట్_ఇయర్_సీఎస్ఈ:
అన్నా, %డి పక్కనే బ్యాక్‌స్లాష్ ఎన్ (కొత్త లైన్ గుర్తు) పెడితే ఎంటర్ కూడా పోతుంది కదా? అలా పెడితే ప్రోగ్రాం ఆగిపోతోంది.

లైన్_బఫర్:
ఆగలేదు తమ్ముడూ, ఎదురుచూస్తోంది. ఫార్మాట్‌లో బ్యాక్‌స్లాష్ ఎన్ అయినా స్పేస్ అయినా అర్థం ఒకటే: ఖాళీ కానిది వచ్చేదాకా దాటుతూ పో అని. నువ్వు ఎన్ని ఎంటర్లు కొట్టినా అన్నీ మింగుతుంది, ఏదో ఒక అక్షరం వస్తేనే ముందుకు కదులుతుంది. చివర్లో తీసేసి, తర్వాతి %సి ముందు స్పేస్ పెట్టు. జీసీసీ కంపైలర్‌కి హైఫన్ డబ్ల్యూఆల్ ఆప్షన్ కూడా తగిలించు, & మర్చిపోతే అక్కడే వార్నింగ్ ఇస్తుంది.